ఎర్ర దారం కట్టిన వైరు

పోయిన వారం మనం టీచర్‌ని కంట్రోల్ రూమ్ గుమ్మంలో వదిలేసి వచ్చాం. ఆయాసపడుతూ మేడమెట్లెక్కి, తలుపు తోసి, లోపల తమ్ముడు ఏదో పెట్టెకి వీపు అడ్డంపెట్టి నిలబడి ఉండటం చూసి అక్కడే ఆగిపోయింది. ఎందుకంత హడావిడిగా వచ్చిందో మరిచిపోయినవాళ్ళకి మళ్ళీ చెబుతాను. టైలరు భార్యకి నెలలు నిండాయి. పొద్దుటి నుంచీ వీధి చివరి నర్సింగ్ హోమ్‌లో ఉంది. ఆపరేషన్ చేయాలంటున్నాడు డాక్టరు. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ పుట్టుకతో వినపడదు. డాక్టరు మాటని సైగల్లో వాళ్ళకి, వాళ్ళ సైగల్ని మాటల్లో డాక్టరుకి చేరవేసే పని టీచర్‌ది. ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌లో ఆ పని చేస్తుంది. ఇవాళ ఆ కాల్‌లో టీచర్ చెయ్యి పైకి లేచి, లేచింది లేచినట్టే బొమ్మలా నిలిచిపోయింది. "నన్నేం చేయబోతున్నారు?" అని మంచం మీది మనిషి అడిగిన దానికి జవాబు సగంలో ఆగింది. రాసి చూపించొచ్చు కదా అంటారేమో, టైలరు భార్య బడి మొహం చూడలేదు, టైలరుకి వచ్చింది కూడా పొడి పొడి అక్షరాలే. మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు డాక్టరు. తనే నర్సింగ్ హోమ్‌కి నడుచుకుంటూ బయల్దేరి, దారిలోనే కదా అని, తమ్ముడికి చెప్పి లైను బాగుచేయించడానికి టీచర్ మేడెక్కింది. అదీ జరిగింది.

"జరుగు," అంది టీచర్.

"ఏంటక్కా ఇలా వచ్చావు? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"ఫోన్లో బొమ్మ కదలకే వచ్చాను. ముందు పక్కకి జరుగు."

ఆ తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. భుజాన ఎప్పుడూ నిచ్చెన ఉంటుంది కాబట్టి అందరికీ వాడు నిచ్చెనే. ఈ చుట్టుపక్కల వీధులన్నిటికీ ఇంటర్నెట్ ఇచ్చేది వాడే. స్తంభం నుంచి స్తంభానికి, డాబా నుంచి డాబాకి వైరు లాగింది వాడి చేతులే. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆ వ్యాపారం లైసెన్సు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరా పెట్టించి పోయింది. టీచర్ మాత్రం ఆ గదిలోకి ఎప్పుడో గాని రాదు. వైర్ల గొడవ నాకెందుకు, నా పిల్లలూ నా పాఠాలూ నాకు చాలు అనుకునేది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

నిచ్చెన జరగలేదు. జరగాల్సిన అవసరం కూడా రాలేదు. గదిలో ఉన్న ఒకే ఒక మంచి కుర్చీలోంచి ఇంకో మనిషి లేచి నిలబడ్డాడు. పై నుంచి లైను ఇచ్చే కంపెనీ ఏరియా మేనేజరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎవరు ఎంత తిట్టినా చెరగని నవ్వు. ఆ నవ్వంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట, దాచుకోను.

"మీరేనా మేడమ్ అక్కగారు? భలే సమయానికి వచ్చారు. మా పెట్టె చూశారా? నిచ్చెన గారు సిగ్గుపడి దాచేస్తున్నారు గాని, ఈ ఏరియా అదృష్టమే ఈ పెట్టె."

"ఇదేం చేస్తుంది?"

"అన్నిటినీ ఒక క్రమంలో పెడుతుంది మేడమ్. రోడ్డు మీద అంబులెన్సు వస్తే మనం పక్కకి జరిగి దారివ్వమా? అలాగే ముఖ్యమైనవాటిని ముందు పంపిస్తుంది. మిగతావి కాస్త ఆగి వస్తాయి."

"మీ అంబులెన్సులో ఏముంటాయి?"

"మా సినిమాలు, మా షాపింగు, మా ఆటలు, మా వీడియో కాల్. మా ఉచిత ప్యాక్‌లో ఉన్నవన్నీ."

"అంటే సినిమాలు అంబులెన్సులో పోతున్నాయి, నా పేషెంటు గేటు దగ్గర ఆగిపోయింది. అంతేనా?"

"అలా అంటే ఎలా మేడమ్," అని నవ్వాడు మేనేజరు. "మేం దేన్నీ ఆపం. ఆపితే తప్పు. కొంచెం నిదానం చేస్తాం, అంతే. మీరు కూడా మా వీడియో కాలే వాడుకోండి. పైసా ఖర్చుండదు, మంచినీళ్ళలా వస్తుంది."

టీచర్ అది వాడలేదనుకున్నాడు కాబోలు. వాడింది. ఉచితమని వీధంతా సంబరపడుతున్న రోజుల్లోనే వాడి చూసింది. దాంట్లో ఎవరి గొంతు వినపడితే వాళ్ళ బొమ్మ తెర నిండా వస్తుంది. మిగతావాళ్ళు మూలన గోరంత గడుల్లోకి పోతారు. వినపడని పిల్లలకి టీచర్ కాల్‌లో చెప్పే క్లాసులో ఉన్నవాళ్ళంతా గొంతు లేనివాళ్ళే. ఒకరోజు ఎవరింట్లోనో కుక్క మొరిగింది. తెర నిండా ఆ ఇల్లే వచ్చి కూర్చుంది. చేతులు ఊపుతున్న పిల్లలందరూ ఆవగింజలైపోయారు. ఆ సంగతి ఆవిడ చెబితే మేనేజరు తల పంకించాడు.

"మంచి సూచన మేడమ్. పైకి పంపిస్తాను."

టీచర్ ఆ మాట వినటం లేదు. నిచ్చెన భుజం మీదుగా గోడవైపు చూస్తోంది. వీధుల నుంచి వచ్చిన వైర్లన్నీ గుత్తిగా ఆ పెట్టెలోకి దూరుతున్నాయి. ఒక్క వైరు మాత్రం పెట్టె జోలికి పోకుండా, వెనక నుంచి చుట్టుతిరిగి సూటిగా పైకి పోతోంది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"అదేంటి?"

మేనేజరే ఉత్సాహంగా అందుకున్నాడు. "అది మీదే మేడమ్! ఆపరేటరు సొంతవాళ్ళ ఇల్లు ఒకదానికి మినహాయింపు ఇస్తాం. పెట్టెలోంచి పోనక్కర్లేదు. మేమూ మనుషులమే కదా. గుర్తు కోసం నిచ్చెన గారు దారం కట్టుకున్నారు."

టీచర్‌కి ఒక్కసారి తల కొట్టేసినట్టయింది.

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో కూర్చునే ఆవిడ కాల్‌లో అందర్నీ కసిరింది. నాకిక్కడ బాగానే వస్తోంది, తేడా మీ దగ్గరే ఉంది అని. వెలుతురు చాలటం లేదు, కిటికీ ముందు కూర్చోండి అంది. చేతులు అంత తొందరగా తిప్పితే ఎలా, నిదానంగా తిప్పండి అంది. అందరిలోకీ ఎక్కువ తిట్లు తిన్నది టైలరు. అతని గోడ బాగోలేదంది, అతని బల్బు బాగోలేదంది, ఆఖరికి అతని చేతులే బాగోలేవంది. పొద్దస్తమానం గుడ్డ మీద అణువంత తేడా లేకుండా కత్తెర నడిపే చేతులవి. పాపం, అతను తల ఊపి చెప్పినవన్నీ చేశాడు. అతని భార్య, చేతులు స్పష్టంగా కనపడాలని, ముదురు రంగు సాదా జాకెట్టు ప్రత్యేకంగా కుట్టించుకుంది. ఇవాళ నర్సింగ్ హోమ్‌కి అదే వేసుకుని పోయింది.

అప్పుడు అక్కా తమ్ముడూ మాట్లాడటం మానేశారు.

కోపం తగ్గి కాదు. వాళ్ళింట్లో అసలు పోట్లాట మొదలయ్యేది అలాగే. వాళ్ళమ్మకి వినపడేది కాదు. పిల్లలిద్దరూ మాటలకన్నా ముందు సైగలే నేర్చుకున్నారు. అమ్మ పెట్టిన రూలు ఒకటుండేది: నా ఇంట్లో ఎవరూ నోటితో పోట్లాడుకోకూడదు, ఏం తిట్టుకున్నా నాకు కనపడేలా తిట్టుకోండి. అమ్మ పోయింది గాని ఆ అలవాటు పోలేదు. ఒళ్ళు మండితే ఇద్దరి నోళ్ళూ మూతపడి చేతులు లేస్తాయి. ఆ క్షణంలో మేనేజరు వాళ్ళని చూసి ఏమనుకున్నాడో తెలుసా? రాజీ కుదిరిందనుకున్నాడు. హాయిగా కుర్చీలో వెనక్కి వాలి ఫోను చూసుకోవటం మొదలుపెట్టాడు.

'ఎప్పటి నుంచి?' అంది టీచర్ చేతులతో.

'వాళ్ళ ఉచిత ప్యాక్ వచ్చినప్పటి నుంచి.'

'నాకెందుకు చెప్పలేదు?'

'చెబితే ఒప్పుకోవుగా. పై నుంచి వచ్చే పెద్ద లైను వాళ్ళదక్కా. నాది వీధి వైరే. పెట్టె పెట్టుకోకపోతే పైన కట్ చేస్తామన్నారు. కట్ చేస్తే ఎవరికీ ఏమీ రాదు. నెమ్మదిగానైనా వస్తోంది కదా అనుకున్నాను.'

'అనుకుని నాకొక్కదానికే దారం కట్టావు.'

'నీ పని ఆగకూడదని కట్టాను!'

'నా పనికి రెండు కొసలురా, సన్నాసీ! ఒక కొసకి నువ్వు దారం కట్టావు. రెండో కొస ఆ నర్సింగ్ హోమ్‌లో మంచం మీద పడుంది. తనకేం చేస్తారో తెలియక వణికిపోతోంది.'

నిచ్చెన చేతులు కిందికి జారాయి. అమ్మ పోయాక వాడు సైగలు చేయటం మానేశాడు. తనకి ఆ భాష వచ్చని వీధిలో ఎవరికీ చెప్పనే లేదు. ఎవరైనా వినపడనివాళ్ళు లైను గురించి అడగటానికి వస్తే ఏమీ తెలియనివాడిలా నిలబడేవాడు. అమ్మ కోసం, దూరాన ఉన్న అమ్మ చెల్లెలి మొహమూ చేతులూ అమ్మకి తెరలో కనపడాలని, మొట్టమొదటి వైరు లాగినవాడు వాడే. తెరలో చెయ్యి ఆగిపోతే మాట సగంలో చచ్చిపోతుందని వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

'టైలరు వచ్చి అడిగాడు,' అన్నాడు. 'మా ఇంట్లో బొమ్మ ఎందుకు ఆగుతోందని.'

'ఏం చెప్పావు?'

'ఫోను పాతదయింది, మార్చుకో అన్నాను.'

'మార్చాడు,' అంది టీచర్.

'తెలుసు. నాకు చూపించాడు. కొత్త ఫోన్లో కూడా అంతే వస్తోందని మళ్ళీ వచ్చాడు. అప్పుడూ ఏదో చెప్పాను. చేతులతో అబద్ధం చెప్పలేకపోయానక్కా. అమ్మ చూస్తున్నట్టనిపించింది. అందుకే నాకు సైగలు రావన్నట్టు నటించి, ఫోన్లో టైపు చేసి చూపించాను.'

గదిలో దీపం ఆరి వెలిగింది. మళ్ళీ ఆరి వెలిగింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు మేనేజరు తలెత్తి.

కరెంటు ఎక్కడికీ పోలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ చప్పున అర్థమైంది. వినపడనివాళ్ళని కేకేసి పిలవలేం కదా, వాళ్ళింట్లో అమ్మని పిలవాలంటే దీపం ఆర్పి వెలిగించేవాళ్ళు. ఇద్దరూ తలుపువైపు తిరిగారు. గుమ్మం పక్కన స్విచ్ మీద వేలు పెట్టి టైలరు నిలబడి ఉన్నాడు. టీచర్ ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చాడు. మెళ్ళో కొలతల టేపు వేలాడుతోంది. నర్సింగ్ హోమ్‌కి పోతూ దాన్ని తీయటం కూడా మరిచిపోయినట్టున్నాడు.

ఎంతసేపటి నుంచి ఉన్నాడో అడగక్కర్లేదు, మొహమే చెప్పింది. నోటితో పోట్లాడుకుని ఉంటే అతనికి ఒక్క ముక్క తెలిసేది కాదు. ఎవరికీ వినపడకుండా పోట్లాడుకోబోయి, ఎవరికి తెలియకూడదో సరిగ్గా అతని ముందే అంతా పరిచేశారు.

టైలరు గోడ దగ్గరికి నడిచాడు. ఎర్ర దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు.

'ఇది నా దారం,' అన్నాడు నిచ్చెనతో. 'గుర్తు కట్టుకోవాలని అడిగావు. గట్టిది కావాలంటే ఏరి మరీ ఇచ్చాను.'

నిచ్చెన తల దించుకున్నాడు. టైలరు టీచర్ వైపు తిరిగాడు.

'నాకు తెలియదు,' అంది టీచర్. 'నా మీద ఒట్టు, నాకు ఇప్పుడే తెలిసింది.'

అతను ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ చేతులే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో నమ్మకం లేదు. ఇన్నేళ్ళలో టీచర్‌ని అలా చూసినవాళ్ళు లేరు.

"ఎవరు మేడమ్ ఈయన? మన కస్టమరేనా? ఏమంటున్నాడు?" అన్నాడు మేనేజరు.

ఇక్కడ టీచర్ చేసే పని గురించి ఒక మాట చెప్పాలి. 'ఏమంటున్నాడు' అని అడిగితే, 'ఆయన ఇలా అంటున్నాడు' అని ఆవిడ ఎన్నడూ చెప్పదు. అతను 'నేను' అంటే ఆవిడా 'నేను' అనే అంటుంది. కలపదు, తీసేయదు, మెత్తబరచదు. డాక్టరు ముందైనా, పోలీసుల ముందైనా, మొగుడూ పెళ్ళాల తగువులోనైనా అంతే. ఆవిడకి అన్నం పెట్టేది ఆ నియమమే.

టైలరు చేతులు కదిలాయి. టీచర్ నోరు తెరిచింది.

"నేను టైలర్ని. గోడ బాగోలేదంటే దుప్పటి కట్టాను. వెలుతురు చాలదంటే బల్బు మార్చాను. ఫోను పాతదంటే అదీ మార్చాను. చేతులు నిదానంగా తిప్పమంటే, చిన్నపిల్లాడికి మల్లే మా ఆవిడతో కూర్చుని నేర్చుకున్నాను." ఆవిడ ఆగలేదు. "మా ఆవిడ ఇప్పుడు లోపలుంది. కొత్త జాకెట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆగిపోయిన బొమ్మని చూస్తూ కూర్చుంది. ఈవిడ తన ఇంట్లో బాగా వస్తోందంది. తప్పు నాదేనంది. నేను నమ్మాను."

టైలరు చేత్తో ఒక్క విదిలింపు విదిలించాడు. టీచర్‌కి అది చెప్పక తప్పలేదు.

"ఇక నాకు ఈవిడ వద్దు."

తన మీద తనే పలికిన ఆ మాట ఆవిడ చెవిలోనే పడింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తుడుచుకోవటానికి కూడా లేదు. టైలరు చేతులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, ఈసారి నిచ్చెన వైపు చూపిస్తూ.

"నువ్వు రా," అంది టీచర్, అతని గొంతై. "దొంగవే. కానీ నీ చేతులు ఇప్పుడే నా ముందు నిజం చెప్పాయి. నువ్వొచ్చి మా ఆవిడకి చెప్పు."

నిచ్చెన ఒక అడుగు వెనక్కి వేశాడు. 'నా వల్ల కాదక్కా,' అన్నాడు. 'ఎన్నేళ్ళయిందో. నా చేతులు మొద్దుబారిపోయాయి.'

"నిచ్చెన గారూ," మేనేజరు లేచాడు. నవ్వు అలాగే ఉంది గాని గొంతు మారింది. "ఇవాళ ఈ పెట్టె కొనసాగించే కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన రోజు. పై ఆఫీసులో నా కోసం చూస్తున్నారు. మీరిప్పుడు గది దాటి వెళ్ళారంటే, పెద్ద లైను ఆపించక నాకు దారి లేదు. తర్వాత నన్ననుకోవద్దు."

నిచ్చెన అక్క వైపు చూశాడు. పోట్లాటలు ముదిరినప్పుడు చిన్నప్పుడు అమ్మ వైపు అలాగే చూసేవాడు.

టీచర్‌కి కోపం ఆగటం లేదు. తమ్ముడి మీద, మేనేజరు మీద, అందరికన్నా ఎక్కువ తన మీద. 'ఈ పని నాది, నేను పోతాను' అని అరవాలనిపించింది. కాని ఇక్కడ తన ఉక్రోషం కన్నా పెద్ద సంగతి ఒకటుంది. కత్తి పెట్టేలోపు ఆ మంచం మీది మనిషికి తనకేం చేస్తున్నారో తెలియాలి.

'వెళ్ళు,' అంది చేతులతో. 'తప్పులొస్తే రానీ. డాక్టరు చెప్పిందంతా చెప్పు. నీకు తెలియని మాటొస్తే తెలియదని చెప్పు, మింగేయకు. ఆమె అడిగినవన్నీ డాక్టరుని అడుగు. ఆయన విసుక్కున్నా సరే అడుగు.'

నిచ్చెన కదిలాడు. గుమ్మం దాటేటప్పుడు గోడకి ఆనించిన నిచ్చెన మీద అలవాటుగా చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. భుజాన నిచ్చెన లేకుండా వాడు మెట్లు దిగటం ఆ వీధి చూడలేదు. టైలరు వాడి వెనకే దిగాడు. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.

మేనేజరు తను కూర్చున్న మంచి కుర్చీని టీచర్ వైపు జరిపాడు.

"కూర్చోండి మేడమ్. పాపం, మీకు చాలా అన్యాయం జరిగింది." సంచీలోంచి ఒప్పందం తీసి పెట్టె మీద పరిచాడు. "లైసెన్సులో మీ పేరు కూడా ఉంది కదా. మీరు సంతకం పెట్టినా చెల్లుతుంది. పెట్టారంటే నర్సింగ్ హోమ్ లైనుని ఇప్పుడే పెట్టె బయటికి తీయిస్తాను. మీ తమ్ముడు అక్కడికి చేరేలోపే మీరు తెరలో కనపడొచ్చు. ఆ టైలరు ఇల్లు, మీ క్లాసు పిల్లల ఇళ్ళు, ఎవరెవరివి కావాలో చెప్పండి. అందరికీ ఎర్ర దారం కట్టించేద్దాం."

"మిగతావాళ్ళకి?"

"మిగతావాళ్ళు అడగరు మేడమ్," అన్నాడు మేనేజరు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఫోను పాతదయిందనుకుంటారు."

"పెట్టకపోతే?"

"పెద్ద లైను ఆగుతుంది. నర్సింగ్ హోమ్‌తో సహా." పెన్ను మూత తీసి ఆవిడ వేళ్ళ మధ్య పెట్టాడు. "ఇంతకీ మీరేమంటారు?"

ఆ ప్రశ్న ఆవిడని అడిగినవాళ్ళు లేరు. అతను ఏమంటున్నాడు, ఆమె ఏమంటోంది అని అడిగారు గాని, నువ్వేమంటావని ఆవిడ పనిలో ఎవరూ అడగరు. కిటికీలోంచి కింద వీధి కనపడుతోంది. తమ్ముడు, టైలరు పక్కపక్కనే గబగబా పోతున్నారు. తమ్ముడి చేతులు నడకలోనే కదులుతున్నాయి. ఏదో మాట గుర్తు రాక తడబడి, టైలరుని అడిగి, మళ్ళీ చేసి చూసుకుంటున్నాడు.

చేతిలో పెన్నుంటే సైగ సరిగ్గా రాదు. టీచర్ దానికి మూత బిగించి, సంతకం లేని ఒప్పందం మీద పెట్టేసింది. మేనేజరు ఎదురుగా, వెలుతురు మొహం మీద పడేలా తిరిగి నిలబడింది. రెండు చేతులూ ఎత్తి, అమ్మకి చెప్పినంత నిదానంగా, అమ్మకి చెప్పినంత స్పష్టంగా తన జవాబు చెప్పింది.

"అంటే ఏమిటి మేడమ్?" అన్నాడు మేనేజరు. అప్పటిదాకా చెరగని ఆ నవ్వు మొదటిసారి కాస్త సడలింది. "ఏమన్నారు?"

అది అతనికి మాటల్లో చెప్పేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.